స్కాన్‌కు సై, లామినేషన్‌కు నై: పాత మరణవార్తల కాగితాలకు జిరాక్స్ షాపు ఎంతవరకు పనికొస్తుంది?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా ఏ జిరాక్స్ షాపు బోర్డు చూసినా అదే వరస: జిరాక్స్, స్కానింగ్, డీటీపీ, లామినేషన్, స్పైరల్ బైండింగ్. సమాధుల తోటలో నిద్రిస్తున్న పెద్దల మరణవార్తలు, శ్రద్ధాంజలి ప్రకటనలు, ఆదరణ కూడిక కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు భద్రం చేద్దామనుకునే చర్చి సంఘాలైనా కుటుంబాలైనా చివరికి తొక్కేది ఈ గడపే. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే మిర్యాలగూడ నుంచి గద్వాల దాకా ఎక్కడికి పోయినా దొరికే సేవలు ఇవే, పని తీరూ ఇంచుమించు ఇదే. మా మార్కులు ముందే చెప్పేస్తాం. స్కానింగ్‌కు ఐదుకు నాలుగు, అదీ చెప్పి చేయించుకుంటే. టైపింగ్‌కు రెండున్నర. లామినేషన్‌కు సున్నా.

ముందు ఆ సున్నా సంగతి. మిగతా తప్పులు ఎన్ని జరిగినా మళ్లీ పోయి దిద్దించుకోవచ్చు, దీన్ని దిద్దించుకునే దారి లేదు. పేపర్ వాళ్లు వాడే న్యూస్‌ప్రింట్ చాలావరకు కట్టెను యంత్రంలో రుబ్బి తీసిన గుజ్జుతో చేసింది. కట్టె నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అందులోనే ఉండిపోతుంది. దానికి వెలుతురూ గాలీ తగిలితే కాగితం పచ్చబడుతుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది, లోపల ఆమ్లం పెరిగి నారలు తెగుతూ వస్తాయి. మడత పెట్టిన చోట అప్పడంలా విరిగేది అందుకే. లామినేషన్ మెషీన్ వంద డిగ్రీలు దాటిన వేడితో పౌచ్ లోపలి జిగురును కరిగించి, ఆ నారల్లోకే ఎక్కిస్తుంది. ఆమ్లం ఎక్కడికీ పోదు. ప్లాస్టిక్ మధ్యన కాగితం నెమ్మదిగా మాగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత బాగుచేయిద్దామన్నా, కాగితం చిరగకుండా ఆ పొర ఊడదీయడం దాదాపు అయ్యే పని కాదు. ‘ప్లాస్టిక్ వేస్తే వందేళ్లు ఉంటది అన్నా’ అని షాపతను నమ్మకంగానే చెప్తాడు. ఆ మాట రేషన్ కార్డు నకలుకు సరిపోతుంది, 1962 నాటి పేపర్ ముక్కకు సరిపోదు.

అదే షాపులో దొరికే ఇంకో వస్తువు మాత్రం బాగా పనికొస్తుంది: పారదర్శక పాలీప్రొపిలీన్ జేబులున్న డిస్‌ప్లే ఫైలు. కొనేముందు జేబు తెరిచి వాసన చూడండి. రెయిన్‌కోటు వాసన వచ్చి, మెత్తగా జిగటగా తగిలితే అది పీవీసీ, అక్కడే పెట్టేసి రండి. పీవీసీ నుంచి ఆమ్లం ఊరుతుంది, అచ్చు సిరా ప్లాస్టిక్‌కు అంటుకుని కాగితం మీద నుంచి లేచొస్తుంది. వాసన లేకుండా, వేలితో తడితే పెళపెళమనేది తీసుకోండి. ఒక్కో జేబులో ఒక్క కటింగే పెట్టాలి, దాని వెనుక ఒక తెల్ల ఏ4 కాగితం ఉండాలి. ఇప్పుడొచ్చే జిరాక్స్ కాగితంలో చాలావాటికి కాల్షియం కార్బొనేట్ కలుస్తుంది కాబట్టి పక్కనున్న ఆమ్లాన్ని అది కొంత పీల్చుకుంటుంది. సెల్లోటేపు, ఫెవికాల్, మైదా గంజి మూడూ వద్దు. టేపు జిగురు పచ్చగా ఇంకి మరక పడుతుంది, గంజి వాసనకు వెండి పురుగులు వస్తాయి. ఎవరో ఎప్పుడో నోటు పుస్తకంలో అంటించిన కటింగులుంటే పీకకండి, పేజీకి పేజీ అలాగే స్కాన్ చేయించండి. ఫైలును రేకుల గదిలోనో అటక మీదో పెడితే ఈ కష్టమంతా వృథా. మే నెలలో మన నల్లగొండ ఎండకు రేకు కింద కాగితం ఎంత వేగంగా పెళుసెక్కుతుందో చెప్పక్కర్లేదు. స్లాబు కింద, బయటి గోడకు ఆనని బీరువాలో మధ్య అర చాలు.

ఇక స్కానింగ్. ‘స్కాన్ చేసివ్వు’ అని కాగితం చేతికిస్తే వచ్చేది 200 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), నలుపు తెలుపు పీడీఎఫ్. ఆధార్ కార్డుకు అది చాలు. పేపర్ ప్రకటనలో మాత్రం ఒత్తులు పూడుకుపోతాయి, ఫొటోలో మొహం సిరా మరకలా కనిపిస్తుంది. నోటితో చెప్తే రద్దీలో మర్చిపోతాడు కాబట్టి చీటీ రాసివ్వండి: అద్దం మీద పెట్టి చేయాలి, పైనుంచి కాగితాలు లాక్కునే ఫీడర్‌లో పెట్టొద్దు, కలర్, 400 డీపీఐ, ఫొటో ఉంటే 600, టిఫ్ ఫైలు (నాణ్యత తగ్గించకుండా బొమ్మను దాచే రకం), అది రాకపోతే నాణ్యత పూర్తిగా పెంచిన జేపెగ్, అంచులు కత్తిరించొద్దు, రెండు వైపులూ తీయాలి.

ఫీడర్ మాట ఊరికే రాయలేదు. పెళుసు కాగితం రోలర్లలో ఇరుక్కుంటే ముక్కలైపోతుంది. కలర్ ఎందుకంటే, పచ్చబడ్డ కాగితం మీద వెలిసిన సిరాను కలర్‌లో వేరుచేసి చూపించొచ్చు, నలుపు తెలుపులో రెండూ కలిసిపోతాయి. వెనుక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తుంటే, స్కానర్ మూత తెలుపు కావడమే కారణం. కటింగ్ మీద ఒక నల్ల డ్రాయింగ్ షీటు పరిచి మూత వేస్తే ఆ నీడ అక్షరాలు చాలావరకు తగ్గుతాయి. పది రూపాయల షీటు జేబులో వేసుకుపోతే సరి. పేపర్ ఫొటోలన్నీ చుక్కలతో అచ్చయినవే కాబట్టి తక్కువ డీపీఐలో తీస్తే అలలు అలలుగా గళ్లు పడతాయి. 600 అనేది దానికోసమే.

పెన్‌డ్రైవ్ మీ సొంతదే పట్టుకుపోండి, కానీ ఖాళీది. ఏ4 నిండా 400 డీపీఐ కలర్ టిఫ్ తీస్తే కుదించని ఫైలు దాదాపు 46 ఎంబీ, 600 అయితే 104 ఎంబీ. రెండు వందల కటింగులు రెండు వైపులా 400లో తీయిస్తే 18 జీబీ దాటుతుంది. ‘వాట్సాప్‌లో పంపిస్తా సార్’ అంటే ఒప్పుకోకండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, అప్పటిదాకా చేయించిందంతా నీళ్లపాలే. పని అయ్యాక వాళ్ల డెస్క్‌టాప్ మీద మిగిలిన ఫైళ్లు మీ ముందే తీసేయించండి. ఇంటికొచ్చాక పెన్‌డ్రైవ్‌ను వైరస్ చెక్ చేశాకే తెరవండి, ఎందుకంటే రోజుకు వంద పెన్‌డ్రైవ్‌లు మారే కంప్యూటర్ అది.

పెద్ద సైజు దగ్గర షాపు చతికిలపడుతుంది. వాళ్ల అద్దం చాలాచోట్ల ఏ4, పేపర్ పూర్తి పేజీ దానికి మూడు నాలుగింతలు. ముక్కలుగా తీయించాల్సి వస్తే ఒక్కో ముక్కకు రెండు మూడు సెంటీమీటర్లు పక్కదానితో కలిసేలా జరపమనండి, తర్వాత కంప్యూటర్‌లో ఒకే బొమ్మగా కలుపుకోవడానికి ఆ అంచే ఆధారం. అంతకన్నా ఫోనే నయం. పేజీని నేల మీద పరిచి, ఫోను స్టాండుకు బిగించి, రెండు దీపాలు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి, ఫ్లాష్ ఆపి తీయాలి. స్కాన్ యాప్ వాడితే దాని ఫిల్టర్‌ను అసలు రంగుకు మార్చండి. దాన్ని దాని మానాన వదిలేస్తే తెల్లగా తోమేసి చుక్కలూ పొల్లులూ మింగేస్తుంది. ఇంట్లో గోడ మీది ఫ్రేములో ఉన్న కార్డును విప్పొద్దు. అచ్చు అద్దానికి అంటుకుని ఉంటే సగం అద్దంతోనే వచ్చేస్తుంది. పక్కవాటు వెలుతురులో, మెరుపు పడకుండా అలాగే ఫొటో తీయండి.

టైపింగ్‌కు రెండున్నర ఎందుకిచ్చామంటే, ఆపరేటర్ల వేగానికి వంక పెట్టలేం, వచ్చే ఫైలుకే పెట్టాలి. మన డీటీపీ షాపుల్లో పెళ్లి పత్రికల దగ్గర్నుంచి ఫ్లెక్సీల దాకా ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో కొట్టడం అలవాటు. అచ్చు వేయడానికి అక్షరం బాగుంటుంది. అదే వాక్యాన్ని ఎత్తి ఇంకోచోట వేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి, ఎందుకంటే అది తెలుగు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే అక్షర సంకేతం) కాదు. అలాంటి ఫైల్లో రేపు ఒక ఇంటిపేరు వెతికితే ఏమీ దొరకదు. పని ఒప్పుకునే ముందే ఒక లైను కొట్టించి, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో వేసి చూడండి. తెలుగులో కనిపిస్తే యూనికోడ్. లేకపోతే ముందే మాట్లాడుకోండి, మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి గానీ మార్చాక ఒత్తుల్లో తప్పులు తీసే పని మీ నెత్తినే పడుతుంది.

రెండో ఇబ్బంది ఆపరేటర్ చదువుకున్నోడైతేనే ఎక్కువ. ‘స్వర్గస్థులైరి’ అని ఉంటే ‘స్వర్గస్థులయ్యారు’ అని కొడతాడు, ‘ప్రభువునందు నిద్రించిరి’ కాస్తా ‘మరణించారు’ అయిపోతుంది, ‘నీలగిరి’ కనిపిస్తే నల్లగొండ చేసేస్తాడు. మంచి మనసుతోనే చేస్తాడు, కానీ ఆ పాత మాటలే ప్రకటన ఏ కాలానిదో, ఏ సంఘానిదో చెప్పేవి. ఉన్నది ఉన్నట్టు, తప్పుతో సహా కొట్టమనండి. చదవలేని అక్షరం దగ్గర చదరపు బ్రాకెట్టులో ప్రశ్న గుర్తు పెట్టమనండి. ఊహించి నింపొద్దు. యంత్రంతో చదివించడమూ ఉంది. బొమ్మలోని అక్షరాలు చదివే టెసెరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు, గూగుల్ డ్రైవ్‌లో బొమ్మను డాక్యుమెంట్‌గా తెరిచినా అక్షరాలు వస్తాయి. శుభ్రమైన అచ్చు మీద ఫరవాలేదు. పాత న్యూస్‌ప్రింట్ మీద ప, వ, ష ఒకదానికొకటి మారతాయి, ఘ ఫ అవుతుంది, ద థ ధ మూడూ కలిసిపోతాయి. ఇంటిపేరులో ఒక్క అక్షరం మారితే మనిషే మారిపోయాడన్నమాట. అందుకే యంత్రంతో మొదటి ప్రతి తీసి, పేర్లూ తేదీలూ అంకెలూ మాత్రం ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు కాగితం చూస్తూ సరిచూడాలి. ఉర్దూ ప్రకటనలైతే, నస్తాలీఖ్ అనే వాలు రాతకు యంత్రం దాదాపు చేతులెత్తేస్తుంది, చదవగలిగిన పెద్దమనిషిని వెతుక్కోవడమే మార్గం.

ఇంతా చేసి, తేదీ లేని కటింగే చేతిలో ఉంటే దాని విలువ సగం పోయినట్టే. షాపు ఈ పని చేయదు, మీరే చేయాలి. ‘శనివారం మృతి చెందారు’ అని ఉంటుంది. ఏ శనివారం? పేపర్ తేదీని కత్తెర ఎప్పుడో తినేసింది. రెండు వైపులూ స్కాన్ చేయించమన్నది దీనికే. వెనుక సినిమా ప్రకటనో, ఎన్నికల వార్తో, క్రికెట్ స్కోరో ఉంటుంది, వారం కచ్చితంగా పట్టుకోవడానికి అదొక్కటి చాలు. అది లేకపోతే చిరునామా చూడండి. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. తాలూకా అని ఉంటే చాలావరకు 1985కు ముందుది, ఎందుకంటే మండలాలు వచ్చింది ఆ ఏడాది. అయినా పాత అలవాటుతో తర్వాత కూడా తాలూకా అనే రాసినవాళ్లున్నారు, దాని ఒక్కదాని మీదే తేల్చేయకండి. మండలం అనుంటే మాత్రం 1985 తర్వాతిదే. సూర్యాపేట జిల్లా, నాగర్‌కర్నూల్ జిల్లా, వనపర్తి జిల్లా అనుంటే 2016 అక్టోబర్ తర్వాతిది, నారాయణపేట జిల్లా అనుంటే 2019 ఫిబ్రవరి తర్వాతిది. రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అనుంటే 1956 నవంబర్‌కూ 2014 జూన్‌కూ మధ్యది.

నిజాం కాలం కాగితాల్లో ఫస్లీ సంవత్సరం, అంటే సర్కారు శిస్తు లెక్కలకు వాడిన ఏడాది లెక్క, తగులుతుంది. ఆ చివరి దశాబ్దాల్లో హైదరాబాద్ ఫస్లీ ఏడాది ఆజుర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. కాబట్టి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి ఏడాది ముగిసేదాకా 591 కలపాలి. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ మొదటి రోజుల దాకా, పోలీస్ చర్య జరిగిన 1948 సెప్టెంబర్ కూడా అందులోకే వస్తుంది. అందరికీ ఒకే 590 కలిపేసి రాసిన సమాధి పట్టికల్లో ఏడాది తేడా వచ్చేది ఇక్కడే. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని గుర్తుంచుకోండి. సర్వధారి 1948-49 కావచ్చు, 2008-09 కావచ్చు. కాగితం రంగే తేడా చెప్తుంది గానీ, రాతి మీద చెక్కినదైతే పక్క సమాధులు కూడా చూడాలి. హిజ్రీ ఏడాదికి ఉజ్జాయింపు లెక్క: 0.97తో గుణించి 622 కలపండి. నెలా తేదీతో సహా కావాలంటే పట్టిక చూడక తప్పదు.

కటింగే లేదు, ఏదో పేపర్‌లో పడిందని మాత్రం తెలుసంటే హైదరాబాద్ పోవాలి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్‌బజార్‌లోని, 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదట చూడాల్సినవి. మనవైపు పెద్దల కోసమైతే నల్లగొండ నుంచి 1922లో మొదలైన నీలగిరి పత్రిక, సురవరం ప్రతాపరెడ్డి 1926లో పెట్టిన గోలకొండ పత్రిక సంచికలు అడగండి. జిల్లా పేజీల్లో పడ్డ మరణవార్త నగరం ఎడిషన్‌లో ఉండకపోవచ్చు కాబట్టి, అక్కడ దాచింది ఏ ఎడిషనో ముందు ఫోన్ చేసి కనుక్కుంటే బస్సు చార్జీలు మిగులుతాయి. మిషనరీల సంగతి వేరు. 1890లో నల్లగొండ వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్‌తో మొదలుపెట్టి మెనొనైట్ అనే ప్రొటెస్టెంట్ శాఖ వాళ్ల వార్తలు వాళ్ల జర్మన్ వారపత్రిక సియోన్స్‌బోటెలో వచ్చేవి. వాటి కోసం అడగాల్సింది అమెరికా, కెనడాల్లోని మెనొనైట్ బ్రదరెన్ అధ్యయన కేంద్రాలను, ఈమెయిల్‌తో.

కాగితం పని అయ్యాక దాన్ని సమాధితో ముడిపెట్టాలి. ఇది చేయని సంఘాల దగ్గర చక్కటి స్కాన్లు ఉంటాయి, ఏది ఎవరి గోరీదో తెలియదు. గేటు నుంచి వరసలకు అంకెలు వేయండి, ప్రతి వరసలో ఎడమ నుంచి సమాధులకు అంకెలు వేయండి, పేరు లేని మట్టి కుప్పకు కూడా అంకె ఇవ్వండి. ఫైలు పేరు వరస, సమాధి, చనిపోయిన ఏడాది నెల తేదీ, ముందో వెనుకో, ఈ క్రమంలో ఉండాలి: 03-17-1978-11-02-ముందు. షాపు ఇచ్చే ‘స్కాన్ 0001’ పేర్లు ఆ రోజు సాయంత్రానికే మార్చేయండి, వారం ఆగితే ఏది ఏదో మర్చిపోతారు. జీపీఎస్‌నే నమ్ముకుంటే దెబ్బతింటారు. బయలు జాగాలో కూడా ఫోను మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మన బొందలగడ్డల్లో ఆ దూరంలో నాలుగు సమాధులుంటాయి. చర్చి భూస్థాపన రిజిస్టర్‌లో తేదీ, ప్రకటనలో తేదీ, పలక మీది తేదీ మూడూ రాసుకోండి. తేడా ఉంటే సరిచేయకండి, మూడింటినీ అలాగే ఉంచండి. రిజిస్టర్‌లో ఉండేది భూస్థాపన చేసిన రోజు, చాలాసార్లు చనిపోయిన మర్నాడు.

పలక చదవడానికి యాసిడ్ పోసేవాళ్లున్నారు. షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి, యాసిడ్ తగలగానే నురగొచ్చి అక్షరం అంచే కరిగిపోతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. చెరిగిన అక్షరాలకు సాయంత్రం నాలుగున్నర తర్వాత పక్క నుంచి పడే ఎండలోనో, అద్దంతో పక్కవాటుగా వెలుతురు కొట్టించో ఫొటో తీయండి, సుద్ద రుద్దకండి.

ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఫైండ్ ఎ గ్రేవ్ సైటు ఉంది. 1995 నుంచి ఉంది, 2013లో యాన్సెస్ట్రీ కంపెనీ చేతికి పోయింది, ఉచితం. వరస, సమాధి అంకె రాయడానికి గడి ఉంది, జీపీఎస్‌కు ఇంకోటి. పేరు గడిలో ఇంగ్లిష్ స్పెల్లింగు, జీవిత వివరాల్లో తెలుగు పేరు, ప్రకటన పూర్తి పాఠం పెడితే ఎవరు ఎలా వెతికినా తగులుతుంది. మీ తాత పేజీని ముక్కూ మొహం తెలియని వాళ్లు ముందే తెరిచి ఉంటే రెండోది తెరవకండి, నాలుగు తరాల లోపు నేరు బంధువులు అడిగితే అప్పగించాలనేది సైటు నియమం. కంప్యూటర్ పూలు పెట్టే బటన్ కూడా ఉంది, అది మీ ఇష్టం. ప్రకటన యథాతథంగా ఎక్కించేముందు హక్కుల లెక్క చూసుకోండి. రాసినవాళ్ల పేరు లేని ప్రకటన మీద మన చట్టంలో కాపీరైటు అచ్చయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, అంటే 1960 నాటిది 2020 ముగిసేసరికి తీరిపోయింది. ఇంకా ఆ 60 ఏళ్లు నిండనివాటికి సారాంశం మీ మాటల్లో రాసి, పేపరు పేరు, తేదీ ఇవ్వండి. అందులో ఉన్న కొడుకుల, కూతుళ్ల ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు బయటి ప్రతిలో మూసేయండి, దాచుకునే ప్రతిలో ఉంచండి.

షాపుకు ఎప్పుడు పోవాలన్నదీ ముఖ్యమే. జూన్, జూలైలో అడ్మిషన్ల హడావిడి, సర్టిఫికెట్ల పిల్లలు కౌంటర్ మీద పడుతుంటారు, అప్పుడు 600 డీపీఐ అంటే షాపతను మొహం చూస్తాడు. మధ్యాహ్నం రెండు దాటాక, ఇరవై ముప్పై కటింగులకు మించకుండా పట్టుకుపోండి. రేటు కటింగుకు కాకుండా అద్దం మీద ఒకసారి పరిచిన దానికి మాట్లాడుకుంటే, ఒకే సమాధికి చెందిన చిన్న ముక్కలు మూడు నాలుగు పక్కపక్కనే పెట్టి తీయించుకోవచ్చు.